జాబ్ షెడ్యూలర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ సెట్టింగ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి బ్యాచ్ (రాత్రిపూట వరుసగా నడిచే జాబ్‌లు) చూసుకునేవాళ్ల కోసం ఈ పేజీ. జాబ్ షెడ్యూలర్ అంటే ఆ జాబ్‌లను టైమ్ ప్రకారం నడిపే సాఫ్ట్‌వేర్. ఎస్‌ఎన్‌ఎంపీ అంటే నెట్‌వర్క్ పరికరాలు తమ స్థితిని కన్సోల్‌కి చెప్పుకునే పద్ధతి. ప్రొడక్షన్ సపోర్ట్‌లో కొత్తగా చేరినవాళ్లు, షెడ్యూలర్ అడ్మిన్ పని హఠాత్తుగా మీద పడినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా కంట్రోల్-ఎం, ఆటోసిస్ అనే షెడ్యూలర్ల నుంచి తీసుకున్నాను. పద్ధతి మాత్రం ఏ షెడ్యూలర్‌కైనా ఇంచుమించు ఒకటే.

జాబ్ షెడ్యూలర్‌కి ఎస్‌ఎన్‌ఎంపీతో పనేంటి? ఫెయిల్ అయితే మెయిల్ వస్తుంది కదా?

మెయిల్ వస్తుంది. ఎవరు చూస్తారన్నదే ప్రశ్న. రాత్రి రెండున్నరకి ఫెయిల్ అయిన జాబ్ మెయిల్ పొద్దున ఎనిమిదింటికి లాప్‌టాప్ తెరిచేదాకా ఇన్‌బాక్స్‌లోనే ఉంటుంది. నేను పనిచేసిన ఒక చోట సరిగ్గా ఇలాగే జరిగింది. రోజు ముగింపు లెక్కల చైన్‌లో రెండో జాబ్ ఆగిపోయింది. మెయిల్ వెళ్లింది, గ్రూప్‌లో ఉన్న అందరికీ వెళ్లింది. ఇంకొకరు చూసుకుంటారులే అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. పొద్దున కౌంటర్లు తెరిచే టైమ్‌కి పాత బ్యాలెన్స్‌లే కనిపించాయి. ఆ పొద్దుటి టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ సెట్టింగ్‌ల మీద నాకు ఇంత పట్టుదల రావడానికి కారణం అదే.

ఎస్‌ఎన్‌ఎంపీ పుట్టింది రౌటర్లు, స్విచ్‌ల కోసం. దాని మొదటి నిర్వచనం 1988లో వచ్చింది, 1990లో ఆర్‌ఎఫ్‌సీ 1157 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా స్థిరపడింది. పెద్ద సంస్థల్లో ఆ పరికరాలను 24 గంటలూ చూసే కన్సోల్, దాని ముందు కూర్చునే మనిషి, టికెట్ తెరిచే సాధనం, ఆన్‌కాల్ ఫోన్ మోగించే ఏర్పాటు ముందే ఉంటాయి. షెడ్యూలర్ కూడా అదే భాషలో మాట్లాడితే ఆ ఏర్పాటంతా బ్యాచ్‌కి కూడా పనికొస్తుంది. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

ట్రాప్, ఇన్ఫామ్, పోల్: వీటి మధ్య తేడా ఏంటి?

పోల్ అంటే మేనేజర్ (కన్సోల్ వెనకున్న సాఫ్ట్‌వేర్) వచ్చి "ఎలా ఉన్నావు?" అని అడగడం. ఇది యూడీపీ (చేరిందని తిరుగు జవాబు ఉండని రవాణా పద్ధతి) పోర్ట్ 161 మీద జరుగుతుంది. ట్రాప్ అంటే ఎవరూ అడక్కుండానే మనవైపు నుంచి "ఇదిగో, ఇలా జరిగింది" అని చెప్పడం. ఇది మేనేజర్ దగ్గర పోర్ట్ 162కి వెళ్తుంది. ట్రాప్‌ది పోస్టు డబ్బాలో వేసిన కార్డు లాంటి వ్యవహారం. చేరిందో లేదో వేసినవాడికి తెలీదు. ఇన్ఫామ్‌కి మాత్రం పాత రిజిస్టర్ పోస్టుకి అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు వచ్చినట్టు తిరుగు జవాబు వస్తుంది. రాకపోతే పంపినవాడు మళ్లీ పంపుతాడు.

చాలా షెడ్యూలర్లు పంపేది ట్రాప్‌లు మాత్రమే. అంటే పోగొట్టుకునే అవకాశం ఆ పద్ధతిలోనే ఉంది. ఈ విషయం మనసులో పెట్టుకుంటే కింద చెప్పిన హార్ట్‌బీట్ జాబ్ ఎందుకో అర్థమవుతుంది.

మొదలుపెట్టే ముందు ఏమేం కనుక్కోవాలి?

నెట్‌వర్క్ టీమ్‌ని అడగాల్సినవి: మేనేజర్ ఐపీ లేదా హోస్ట్ పేరు, పోర్ట్, వాళ్లు తీసుకునే వెర్షన్. వెర్షన్ 2సీ అయితే కమ్యూనిటీ పేరు, అంటే పాస్‌వర్డ్ లాంటి మాట. వెర్షన్ 3 అయితే యూజర్ పేరు, రెండు పాస్‌వర్డ్‌లు, వాడే అల్గారిథమ్‌లు. మీరు వాళ్లకి ఇవ్వాల్సినవి: షెడ్యూలర్ సర్వర్ల ఐపీలు, స్టాండ్‌బై సర్వర్‌ది కూడా. వాటితోపాటు మిబ్ ఫైల్, అంటే ట్రాప్‌లోని అంకెలకి పేర్లు చెప్పే ఫైల్. ఫైర్‌వాల్ రిక్వెస్ట్‌లో "యూడీపీ" అని స్పష్టంగా రాయండి. ఆ ఒక్క మాట రాయక టీసీపీ పోర్ట్ తెరిపించుకున్న టీమ్‌లను చాలానే చూశాను.

కంట్రోల్-ఎంలో ఎక్కడ పెట్టాలి?

ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ (కంట్రోల్-ఎం సొంత నిర్వహణ భాగం, పైన చెప్పిన మేనేజర్ కాదు) సిస్టమ్ పారామీటర్లలో. ముఖ్యమైనవి నాలుగు. ట్రాప్‌లు పంపాలా వద్దా అని చెప్పేది ఎస్‌ఎన్‌ఎంపీ-సెండ్-యాక్టివ్, దాన్ని 1 చేయాలి. ఎవరికి పంపాలో చెప్పేది ఎస్‌ఎన్‌ఎంపీ-హోస్ట్. అలర్ట్ ఏ దారిలో వెళ్లాలో చెప్పేది సెండ్-ఎస్‌ఎన్‌ఎంపీ: 0 అయితే ఎస్‌ఎన్‌ఎంపీకి, 1 అయితే స్క్రిప్ట్‌కి, 2 అయితే రెండింటికీ. ఇక నాలుగోది సెండ్-అలారం-టు-స్క్రిప్ట్, ఇందులో స్క్రిప్ట్ పూర్తి పాత్ ఇస్తాం. ఈ పేర్లన్నీ అక్కడ మధ్యలో ఖాళీ లేకుండా కలిపి రాసి ఉంటాయి.

ఇక్కడ జనం పడే పొరపాటు ఒకటుంది. సెండ్-ఎస్‌ఎన్‌ఎంపీలో 1 కనిపించగానే "సరే, ఆన్‌లోనే ఉంది" అనుకుంటారు. అక్కడ 1 అంటే స్క్రిప్ట్‌కి మాత్రమే. ఆన్, ఆఫ్ చూడాల్సింది వేరే పారామీటర్‌లో.

ఇంకో సంగతి. జాబ్ అలర్ట్‌లు వేరు, ఎక్సెప్షన్ అలర్ట్‌లు వేరు. జాబ్ ఫెయిల్ అవడం, ఆలస్యం అవడం మొదటి రకం. షెడ్యూలర్ సొంత భాగాల్లో వచ్చే ఇబ్బందులు రెండో రకం. రెండో రకానికి ఎక్స్-అలర్ట్స్ అన్న మాటతో మొదలయ్యే పారామీటర్లు విడిగా ఉన్నాయి. మొదటివి మాత్రమే పెట్టి వదిలేస్తే జాబ్‌ల సంగతి తెలుస్తుంది, వాటిని నడిపే ఇంజిన్ సంగతి తెలీదు.

జాబ్ వైపు చూస్తే, నోటిఫై యాక్షన్‌లో గమ్యం ఎంటర్‌ప్రైజ్ మేనేజర్ అయి ఉండాలి. అర్జెన్సీ మూడు మెట్లు: రెగ్యులర్, అర్జెంట్, వెరీ అర్జెంట్. మేనేజర్ వైపు ఎరుపు, నారింజ, పసుపు రంగులు ఈ మెట్ల మీద ఆధారపడేలా ముందే మాట్లాడుకోండి. అన్నీ వెరీ అర్జెంట్ అని పెడితే రంగులకి అర్థమే ఉండదు.

ఆటోసిస్‌లో?

యూనిక్స్ లేదా లినక్స్‌లో నడిచే షెడ్యూలర్ అయితే ఇన్‌స్టన్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో రెండు లైన్లు చాలు: ఎస్‌ఎన్‌ఎంపీ-మేనేజర్-హోస్ట్స్, ఎస్‌ఎన్‌ఎంపీ-కమ్యూనిటీ. మొదటిదాంట్లో ఒకటి కంటే ఎక్కువ హోస్ట్‌లు ఉంటే కామాతో విడదీయాలి. ఫైల్ మార్చాక షెడ్యూలర్ ప్రాసెస్‌ని ఆపి మళ్లీ మొదలుపెట్టండి. నడుస్తున్న ప్రాసెస్ చేతిలో ఉన్నది పాత విలువే.

షాడో షెడ్యూలర్ (అసలుది ఆగితే పని అందుకునేది) ఉంటే దాని మెషీన్‌లో దాని ఫైల్ దానిదే. ఒకచోట మార్చింది రెండోచోటికి దానంతట అది పోదు. ఫెయిలోవర్ (పని షాడోకి మారడం) అయిన రోజే ట్రాప్‌లు కూడా ఆగిపోవడానికి సర్వసాధారణ కారణం ఇదే.

జాబ్ నిర్వచనంలో ఫెయిల్ అయితే అలారం ఇచ్చే అట్రిబ్యూట్ ఒకటి, నిమిషాల్లో ఇచ్చే మ్యాక్స్-రన్-అలారం, మిన్-రన్-అలారం, ఇవి కాక మస్ట్-స్టార్ట్, మస్ట్-కంప్లీట్ టైమ్‌లు ఉన్నాయి. మిన్-రన్-అలారాన్ని చాలామంది పట్టించుకోరు. నాకైతే అది చాలా విలువైనది. రోజూ నలభై నిమిషాలు నడిచే లోడ్ జాబ్ మూడు సెకన్లలో సక్సెస్ అయిందంటే ఖాళీ ఫైల్ వచ్చిందని అర్థం. దాన్ని ఫెయిల్యూర్ అలారం ఎప్పటికీ పట్టుకోలేదు.

మాకు అంత పెద్ద షెడ్యూలర్ లేదు, క్రాన్ (యూనిక్స్, లినక్స్‌లోనే ఉండే టైమర్) మాత్రమే. ట్రాప్ పంపగలమా?

పంపగలరు. నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ప్యాకేజ్‌లో ట్రాప్ పంపే చిన్న కమాండ్ ఉంది. జాబ్‌ని నేరుగా క్రాన్‌లో పెట్టకుండా ఒక షెల్ స్క్రిప్ట్‌లో చుట్టండి. జాబ్ నడిచాక దాని రిటర్న్ కోడ్ సున్నా కాకపోతే ఆ కమాండ్‌ని పిలవండి.

కమాండ్‌కి ఇచ్చే వరుస ముఖ్యం: వెర్షన్, కమ్యూనిటీ, గమ్యం, అప్‌టైమ్ (ఎంతసేపటి నుంచి నడుస్తోందో), ట్రాప్ ఓఐడీ (ట్రాప్ రకాన్ని చెప్పే చుక్కల అంకెల గుర్తు), ఆ తర్వాత మూడేసి చొప్పున ఓఐడీ, రకం, విలువ. అప్‌టైమ్ స్థానంలో ఖాళీ కోట్స్ పెడితే అదే నింపుకుంటుంది. ఆ ఖాళీ కోట్స్ మర్చిపోతే ట్రాప్ ఓఐడీని అప్‌టైమ్‌గా తీసుకుని మిగతావన్నీ ఒక స్థానం జరిగిపోతాయి. మొదటిసారి ప్రయత్నించే ప్రతివాళ్లూ ఇక్కడే అరగంట పోగొట్టుకుంటారు.

ఓఐడీ ఏది వాడాలి అంటే, మీ సంస్థకి సొంత ఎంటర్‌ప్రైజ్ నంబర్ ఉంటే దాని కింద. లేకపోతే ఇంటర్నెట్ నంబర్లు కేటాయించే ఐఏఎన్ఏ సంస్థ దగ్గర ఉచితంగానే తీసుకోవచ్చు. అది 1.3.6.1.4.1 తర్వాత వచ్చే అంకె. డాక్యుమెంట్లలో ఉదాహరణలకి 32473 అనే నంబర్‌ని ప్రత్యేకంగా కేటాయించారు.  ఇంకో కంపెనీ నంబర్‌ని అరువు తెచ్చుకోవద్దు. రేపు ఆ కంపెనీ పరికరం మీ నెట్‌వర్క్‌లోకి వస్తే రెండింటి అలర్ట్‌లూ కలగాపులగం అవుతాయి.

వెర్షన్ 2సీ ట్రాప్ విషయంలో ఈ కమాండ్ సున్నా రిటర్న్ చేసిందంటే ప్యాకెట్ మెషీన్ దాటిందని మాత్రమే. అవతల చేరిందని కాదు.

కమ్యూనిటీ పేరు "పబ్లిక్" అని ఉంది. మార్చాలా?

మార్చాలి. వెర్షన్ 1, 2సీల్లో కమ్యూనిటీ పేరు ఏ దాపరికమూ లేకుండా ప్యాకెట్‌లో అలాగే ప్రయాణిస్తుంది. కాబట్టి మార్చినంత మాత్రాన పూర్తి భద్రత రాదు. అయినా డిఫాల్ట్‌ని ఉంచడం తలుపుకి గొళ్లెం కూడా పెట్టకపోవడమే. 2002 ఫిబ్రవరిలో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయం పరిశోధకులు రకరకాల ఉత్పత్తుల్లోని ఎస్‌ఎన్‌ఎంపీ అమలులో లోపాలు బయటపెట్టినప్పుడు కంప్యూటర్ భద్రత చూసే సర్ట్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా హెచ్చరిక జారీ చేసింది. ట్రాప్ తీసుకునే వైపున్న లోపాలు కూడా అందులో ఉన్నాయి. "మేం ట్రాప్‌లే కదా పంపుతున్నాం, ప్రమాదమేముంది" అనే వాదన అప్పుడే పోయింది.

జాబ్ పేర్లు, సర్వర్ పేర్లు, ఒక్కోసారి ఎర్రర్ మెసేజ్‌లో యూజర్ పేర్లు కూడా ట్రాప్‌లో వెళ్తాయి. ఆ వైర్ మీద ఇంకెవరైనా ఉండే అవకాశం ఉంటే వెర్షన్ 3కి వెళ్లండి. మీ షెడ్యూలర్‌కి వెర్షన్ 3 చేతకాకపోతే ఒక దారి ఉంది: షెడ్యూలర్ స్క్రిప్ట్‌ని పిలుస్తుంది, స్క్రిప్ట్ నెట్-ఎస్‌ఎన్‌ఎంపీతో వెర్షన్ 3 ట్రాప్ పంపుతుంది.

వెర్షన్ 3కి మారాం, ట్రాప్‌లు పూర్తిగా ఆగిపోయాయి. పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది. ఏమై ఉంటుంది?

పదికి తొమ్మిదిసార్లు ఇంజిన్ ఐడీ. దీన్ని కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే దీని దగ్గరే జనం విసిగిపోయి 2సీకి వెనక్కి వెళ్లిపోతారు.

వెర్షన్ 3 ప్రమాణాలు 2002 డిసెంబర్‌లో ఆర్‌ఎఫ్‌సీ 3411 నుంచి 3418 దాకా వచ్చాయి. వాటి ప్రకారం మీరిచ్చే పాస్‌వర్డ్‌ని నేరుగా వాడరు. దాన్ని ఒక ఇంజిన్ ఐడీతో కలిపి అసలు కీ తయారుచేస్తారు. ఆ ఇంజిన్ ఐడీ ఎవరిది? సంభాషణలో ఎవరికి అధికారం ఉంటే వాళ్లది. పోల్‌లో జవాబు చెప్పే ఏజెంట్‌కి అధికారం. ట్రాప్‌లో పంపేవాడికి అధికారం. ఇన్ఫామ్‌లో తీసుకునేవాడికి.

అంటే ట్రాప్ అందుకునే మేనేజర్ దగ్గర యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటే చాలదు. పంపే షెడ్యూలర్ ఇంజిన్ ఐడీతో కలిపి ఆ యూజర్‌ని నమోదు చేయాలి. లేకపోతే "ఈ ఇంజిన్ కింద ఈ యూజర్ నాకు తెలీదు" అని మేనేజర్ ప్యాకెట్‌ని పారేస్తుంది. పంపినవాడికి చిన్న సూచన కూడా వెళ్లదు.

దీని నుంచే మూడు చిక్కులు పుడతాయి. మొదటిది, స్టాండ్‌బై సర్వర్‌కి ఇంజిన్ ఐడీ వేరు, దాన్ని విడిగా నమోదు చేయాలి. రెండోది, సర్వర్‌ని కొత్తగా కడితే ఇంజిన్ ఐడీ కొత్తగా పుట్టొచ్చు. నిన్నటిదాకా వచ్చినవి ఇవాళ రావు. అందుకే ఇంజిన్ ఐడీని కాన్ఫిగ్‌లో స్థిరంగా రాసిపెట్టుకోవడం మంచిది. మూడోది, వర్చువల్ మెషీన్‌ని క్లోన్ చేస్తే ఒకే ఇంజిన్ ఐడీతో ఇద్దరు తయారవుతారు. ప్రతి ఇంజిన్‌కీ ఎన్నిసార్లు బూట్ అయింది, ఎంతసేపటి నుంచి నడుస్తోంది అనే లెక్క ఉంటుంది. ఆ లెక్క 150 సెకన్లకు మించి వెనకబడితే పాత ప్యాకెట్‌ని మళ్లీ ఎవరో పంపుతున్నారని మేనేజర్ అనుమానించి తోసేస్తుంది. ఇద్దరు ఒకే ఐడీతో మాట్లాడితే ఒకరి ట్రాప్‌లు వస్తాయి, ఇంకొకరివి రావు. కారణం కనిపెట్టడానికి మాకు ఒకసారి రెండు రోజులు పట్టింది.

ఇంజిన్ ఐడీ సరిగ్గా ఉంటే మిగిలినవి త్వరగా తేలతాయి. రెండు వైపులా సెక్యూరిటీ లెవెల్ కలవాలి, అల్గారిథమ్ కలవాలి, పాస్‌వర్డ్ కనీసం 8 అక్షరాలు ఉండాలి. పాత అల్గారిథమ్‌లు ఎండీ5, డీఈఎస్ వదిలేసి ఎస్‌హెచ్‌ఏ, ఏఈఎస్ తీసుకోండి.

షెడ్యూలర్ లాగ్‌లో "ట్రాప్ పంపాను" అని ఉంది. కన్సోల్‌లో ఏమీ లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

దారి పొడుగునా ప్యాకెట్‌తో పాటు నడవండి. షెడ్యూలర్ సర్వర్‌లో టీసీపీడంప్‌తో (ప్యాకెట్లు చూపించే సాధనం) యూడీపీ 162 చూస్తూ ఒక ట్రాప్ పంపండి. బయటికే వెళ్లకపోతే తప్పు మన సెట్టింగ్‌లో ఉంది: హోస్ట్ పేరు ఐపీగా మారడం లేదు, లేదా ప్రాసెస్‌ని రీస్టార్ట్ చేయలేదు. బయటికి వెళ్తోంది, మేనేజర్ వైపు టీసీపీడంప్‌లో లేదు అంటే మధ్యలో ఫైర్‌వాల్. మేనేజర్ దాకా వచ్చి కన్సోల్‌లో లేదంటే సమస్య మేనేజర్ సాఫ్ట్‌వేర్‌లో. ఈ మూడు ముక్కలుగా విడగొడితే ఏ టీమ్‌తో మాట్లాడాలో వెంటనే తెలుస్తుంది.

"టెల్నెట్ చేసి చూశాం, పోర్ట్ 162 మూసే ఉంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. టెల్నెట్ టీసీపీతో పనిచేస్తుంది. యూడీపీ సంగతి అది చెప్పలేదు.

మేనేజర్ వైపు నెట్-ఎస్‌ఎన్‌ఎంపీ ట్రాప్ డీమన్ (ట్రాప్‌లు అందుకునే ప్రోగ్రామ్) ఉంటే ఇంకో మలుపు ఉంది. 5.3 వెర్షన్ నుంచి దానికి ఏ కమ్యూనిటీని ఒప్పుకోవాలో, దానితో లాగ్ చేయాలా, ప్రోగ్రామ్ నడపాలా అనేది కాన్ఫిగ్‌లో స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే వచ్చిన ట్రాప్‌లను పక్కన పడేస్తుంది. ఇక పోర్ట్ 162 అనేది 1024 కంటే చిన్నది కాబట్టి లినక్స్‌లో దాన్ని తెరవడానికి రూట్ హక్కు కావాలి. మామూలు యూజర్‌తో డీమన్ మొదలుపెట్టి ఎందుకు వినడం లేదా అని వెతికినవాళ్లూ ఉన్నారు.

నాట్ (దారిలో ఐపీ చిరునామాలు మార్చే ఏర్పాటు) ఉన్న నెట్‌వర్క్ అయితే మేనేజర్‌కి కనిపించే సోర్స్ ఐపీ మీ సర్వర్‌ది కాదు. "తెలియని పరికరం" అని కన్సోల్ దాచేస్తుంది. మేనేజర్‌లో తెలియని సోర్స్‌ల జాబితా తెరిచి చూడండి, చాలాసార్లు మన ట్రాప్‌లు అక్కడే కూర్చుని ఉంటాయి.

మిబ్ ఫైల్ లోడ్ చేయకపోతే ఏమవుతుంది?

ట్రాప్ వస్తుంది, అంకెలుగా వస్తుంది. 1.3.6.1.4.1.1031తో మొదలైతే బీఎంసీది (కంట్రోల్-ఎం), 791 అయితే సీఏది (ఆటోసిస్) అని మనకి తెలుసు. అర్ధరాత్రి కన్సోల్ ముందు కూర్చున్న కుర్రాడికి తెలీదు. షెడ్యూలర్‌తో వచ్చిన మిబ్ ఫైల్‌ని మేనేజర్‌లో కంపైల్ చేయించండి. షెడ్యూలర్ వెర్షన్ పెంచినప్పుడు కొత్త మిబ్ కూడా పంపండి.

ప్రతి జాబ్ ఫెయిల్యూర్‌కీ ట్రాప్ పంపాలా?

వద్దు. ఇది నా గట్టి అభిప్రాయం. ట్రాప్ అంటే ఒక మనిషిని నిద్ర లేపడం. లేపిన మనిషి అప్పటికప్పుడు చేయగలిగే పని ఏదో ఒకటి ఉండాలి. పొద్దున చూసినా నష్టం లేని రిపోర్ట్ జాబ్‌కి మెయిల్ చాలు.

దానికంటే పెద్ద ప్రశ్న ఒకటుంది. ఫెయిల్ అయిన జాబ్ కనీసం నోరు తెరిచి చెప్తుంది. మొదలే కాని జాబ్ ఏమీ చెప్పదు. పై నుంచి ఫైల్ రాలేదు, ఫైల్ వాచర్ ఎదురుచూస్తూనే ఉంది, కింద ముప్పై జాబ్‌లు వరుసలో నిలబడ్డాయి. ఒక్క ఫెయిల్యూర్ కూడా లేదు, కాబట్టి ఒక్క ట్రాప్ కూడా లేదు. కన్సోల్ అంతా పచ్చగా ఉంటుంది. చైన్‌లో కీలకమైన జాబ్‌లు ఏవో గుర్తించి, "ఇన్ని గంటలకల్లా మొదలవ్వాలి", "ఇన్ని గంటలకల్లా అయిపోవాలి" అనే గడువుల మీద ట్రాప్ పెట్టండి. వంద జాబ్‌లకి ఫెయిల్యూర్ ట్రాప్‌లు పెట్టడం కంటే పది జాబ్‌లకి గడువు ట్రాప్‌లు పెట్టడం మేలు.

డేటాబేస్ పడిపోయిన రాత్రి రెండు వందల జాబ్‌లు ఒకేసారి ఫెయిల్ అవుతాయి. రెండు వందల ట్రాప్‌లు వెళ్తాయి. యూడీపీ కాబట్టి తాకిడిలో కొన్ని రాలిపోతాయి, రాలేవి ఏవో మన చేతిలో ఉండదు. ఒకే కారణంతో వచ్చేవాటిని కలిపే పని మేనేజర్‌లో పెట్టమని అడగండి. అయినా అసలు మందు మొదట్లోనే తక్కువ పంపడం. మూడుసార్లు రీట్రై ఉన్న జాబ్‌కి మొదటి ఫెయిల్యూర్‌కే ట్రాప్ పంపకండి, ఆఖరిదానికి పంపండి.

జాబ్ మళ్లీ నడిపితే సక్సెస్ అయింది. కన్సోల్‌లో అలర్ట్ ఇంకా ఎర్రగానే ఉంది.

ఫెయిల్ అయినప్పుడు పంపారు, బాగైనప్పుడు పంపలేదు. రీరన్ సక్సెస్ అయితే ఇంకో ట్రాప్ వెళ్లేలా పెట్టి, రెండింటినీ జత చేయడానికి జాబ్ పేరుతో పాటు ఆ రోజు రన్ గుర్తింపు నంబర్ కూడా అందులో ఉండేలా చూడండి. జాబ్ పేరు ఒక్కటే వాడితే ఇవాళ్టి సక్సెస్ నిన్నటి ఫెయిల్యూర్‌ని మూసేస్తుంది.

ట్రాప్ సందేశం తెలుగులో పంపొచ్చా?

ఈ ప్రశ్న తక్కువమంది అడుగుతారు, నాకు మాత్రం ఇష్టమైన ప్రశ్న. మిబ్‌లో ఆ ఫీల్డ్ ఏ రకమో చూడాలి. డిస్‌ప్లే-స్ట్రింగ్ అయితే ఆస్కీ అక్షరాలే, తెలుగు కుదరదు. ఎస్‌ఎన్‌ఎంపీ-అడ్మిన్-స్ట్రింగ్ అయితే యూటీఎఫ్-8 కాబట్టి కుదురుతుంది. దాని పరిమితి 255 బైట్లు. తెలుగు యూనికోడ్‌లో ప్రతి కోడ్‌కీ 3 బైట్లు పడుతుంది కాబట్టి 85 కోడ్‌లు మాత్రమే పడతాయి. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడి కోడ్‌లే: "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి 18 బైట్లు. సొంత మిబ్ రాసుకునేవాళ్లు ఈ లెక్క చూసుకుని వాక్యాలు పొట్టిగా రాస్తే సరిపోతుంది. అవతలి కన్సోల్ తెలుగు చూపిస్తుందో లేదో ముందు ఒక ట్రాప్‌తో చూడండి.

ట్రాప్‌లో టైమ్ ఎందుకు వింతగా ఉంది?

అది గడియారం టైమ్ కాదు, అప్‌టైమ్. సెకనులో వందో వంతు చొప్పున లెక్కిస్తుంది. 32 బిట్ల సంఖ్య కాబట్టి 497 రోజులకి మళ్లీ సున్నాకి వస్తుంది. అసలు టైమ్ కావాలంటే సందేశంలో విడిగా రాయాలి, టైమ్ జోన్‌తో సహా. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా తూర్పు తీరం బ్యాచ్ చూసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. తేడా ఎండాకాలం తొమ్మిదిన్నర గంటలు, చలికాలం పదిన్నర గంటలు. మార్చిలో, నవంబర్‌లో గడియారం మారిన వారం "రెండింటికి ఫెయిల్ అయింది" అంటే ఎవరి రెండో తేల్చుకోవడానికే పది నిమిషాలు పోతాయి.

విండోస్ సర్వర్‌లో ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీస్ కూడా వేయాలా?

షెడ్యూలర్ తనంతట తానే ట్రాప్ పంపగలిగితే అక్కర్లేదు. విండోస్ సొంత ఎస్‌ఎన్‌ఎంపీ సర్వీస్‌ని సర్వర్ 2012 నుంచే మైక్రోసాఫ్ట్ వదిలేయదగ్గ వాటి జాబితాలో పెట్టింది. కొత్తగా దాని మీద ఆధారపడకండి.

షెడ్యూలరే ఆగిపోతే ట్రాప్ ఎవరు పంపుతారు?

ఎవరూ పంపరు. అందుకే హార్ట్‌బీట్ జాబ్. పదిహేను నిమిషాలకి ఒకసారి నడిచే చిన్న జాబ్ పెట్టండి. అది చేసే పని ఒక్కటే, "బతికే ఉన్నాను" అని ఒక ట్రాప్ పంపడం. మేనేజర్‌లో తిరగేసిన నియమం పెట్టించండి: ముప్పై ఐదు నిమిషాలు ఈ ట్రాప్ రాకపోతే ఆన్‌కాల్‌కి ఫోన్. ఒకటి యూడీపీలో రాలిపోయినా రెండోది అందుతుంది కాబట్టి అనవసరంగా ఎవరినీ లేపదు.

ఈ జాబ్‌ని షెడ్యూలర్ సర్వర్‌లో క్రాన్‌తో నడపకండి. క్రాన్ బతికుండి షెడ్యూలర్ చచ్చిపోయిన రోజు కూడా "బతికే ఉన్నాను" అనే వస్తుంది. షెడ్యూలర్ ద్వారానే, ఒక ఏజెంట్ (జాబ్ నడిచే మెషీన్‌లోని షెడ్యూలర్ భాగం) మీద నడవాలి. అప్పుడు షెడ్యూలర్, డేటాబేస్, ఏజెంట్, నెట్‌వర్క్, ఫైర్‌వాల్, మేనేజర్ అన్నీ ఒకే ట్రాప్‌లో పరీక్షకి వస్తాయి. ఈ పేజీలో ఒక్క పనే చేయగలరంటే ఇది చేయండి.

అంతా పెట్టాం. పనిచేస్తోందని ఎప్పుడు అనుకోవాలి?

కావాలని ఒక జాబ్‌ని ఫెయిల్ చేసి, ఆన్‌కాల్‌లో ఉన్న మనిషి ఫోన్ మోగినప్పుడు. ఒక రిటర్న్ కోడ్ 1 ఇచ్చే రెండు లైన్ల స్క్రిప్ట్ చాలు. ఆటోసిస్‌లో సెండ్‌ఈవెంట్‌తో అలారం మీరే పంపి మేనేజర్ దాకా దారి చూడొచ్చు, కానీ అది జాబ్ నిర్వచనాన్ని పరీక్షించదు. కాబట్టి నిజమైన జాబ్‌తోనూ చేయండి. పగలు కాకుండా రాత్రి షిఫ్ట్‌లో చేయండి, ఎందుకంటే పగటి నియమాలు, రాత్రి నియమాలు మేనేజర్‌లో వేరువేరుగా ఉండొచ్చు. ముందు రోజే ఆన్‌కాల్ వ్యక్తికి, ఎన్‌ఓసీకి (కన్సోల్ చూసే టీమ్) చెప్పి ఉంచండి.

జాబ్ ఫెయిల్ అయిన టైమ్, ట్రాప్ మేనేజర్‌కి చేరిన టైమ్, టికెట్ తెరుచుకున్న టైమ్, ఫోన్ మోగిన టైమ్ నాలుగూ రాసుకోండి. స్టాండ్‌బై సర్వర్ మీదకి ఫెయిలోవర్ చేసి మళ్లీ అదే చేయండి. ఫైర్‌వాల్ మారినప్పుడు, షెడ్యూలర్ గానీ మేనేజర్ గానీ అప్‌గ్రేడ్ అయినప్పుడు, ఆన్‌కాల్ నంబర్ల జాబితా మారినప్పుడు ఆ స్క్రిప్ట్‌ని మళ్లీ ఒకసారి నడపండి.